యాప్ వస్తే రిజిస్టరు పోవాలి: పల్లె ఆరోగ్య సేవల్లో డిజిటల్ పరికరాలు ఎక్కడ ఆగిపోతున్నాయి?

బుధవారం, శనివారం మన ఊళ్లలో టీకాల రోజులు. ఆ పొద్దున సబ్‌సెంటర్ నుంచి బయల్దేరే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం భుజాన ఒక పక్క నాలుగు ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్, ఇంకో పక్క సంచీ ఉంటాయి. సంచీలో ట్యాబ్ ఉంటుంది. దాని పక్కనే తల్లీబిడ్డల వివరాలు రాసే ఆర్‌సీహెచ్ రిజిస్టరూ ఉంటుంది. ఒక బిడ్డకు ఒక టీకా వేస్తే దాన్ని తల్లి చేతిలోని ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల రక్షణ కార్డు) రాయాలి, రిజిస్టరులో రాయాలి, ట్యాబ్‌లో ఎక్కించాలి, నెలాఖరున మళ్లీ కూడి నెలవారీ నివేదికలో చూపాలి. ఒకే పని, నాలుగు రాతలు.

పల్లె ఆరోగ్య సేవల కోసం ఏ డిజిటల్ పరికరం తయారుచేసినా మొదట అడగాల్సింది దాని హంగుల గురించి కాదు. అది వచ్చాక ఆ సంచీలోంచి ఒక్క పుస్తకమైనా బయటికి పోయిందా అని అడగాలి. పోకపోతే ఆ యాప్ అదనపు చాకిరీ. పై నుంచి ఒత్తిడి ఉన్నన్నాళ్లే నడుస్తుంది, తర్వాత నెలకోసారి కూర్చుని అంకెలు నింపే తంతుగా మారుతుంది.

లెక్క వేస్తే ఈ చాకిరీ ఎంతో తెలుస్తుంది. మైదాన ప్రాంతంలో ఒక సబ్‌సెంటర్‌కు 5,000 జనాభా (ఏజెన్సీ ప్రాంతాల్లో 3,000). జననాల రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 80 కాన్పులు. గర్భస్రావాలను కూడా కలిపేందుకు 10 శాతం చేర్చడం ఆనవాయితీ కాబట్టి 88 మంది గర్భిణులు. ఒక్కొక్కరికి కనీసం 4 పరీక్షలంటే 352 నమోదులు. 80 మంది పిల్లలకు 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16–24 నెలల మధ్య వేసే టీకాలు కలిపితే మరో 400. మొత్తం 750 దాటింది. ఒక్కో నమోదుకు 10 నిమిషాలు పడితే 125 గంటలు, అంటే దాదాపు 16 పనిదినాలు. రిజిస్టరు కూడా కొనసాగితే అదీ దాదాపు రెట్టింపు. ఇది తల్లీబిడ్డల పని ఒక్కటే. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు, క్షయ అనుమానితుల జాబితా, జ్వరాల నివేదిక, ఇప్పుడు టీకాల నమోదుకు వచ్చిన యూ-విన్ పోర్టల్ వీటికి అదనం.

మరి రిజిస్టరు ఎందుకు పోదు? ఏఎన్‌ఎంకు ట్యాబ్ చేతకాక కాదు. తనిఖీకి వచ్చే సూపర్‌వైజర్ సంతకం పెట్టేది రిజిస్టరులోనే. కాన్పు ప్రోత్సాహకం డబ్బు ఆగితే ఆధారంగా చూపాల్సిందీ అదే. సర్వర్‌లో రికార్డు మాయమైతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆమే. రిజిస్టరు రాయనక్కర్లేదని చేతికి కాగితం ఇచ్చినవాళ్లు లేరు. కాబట్టి ఆమె రెండూ రాస్తుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

పైలట్‌లో కనపడనిది

2012 జనవరిలో ఉగాండా ఆరోగ్య శాఖ కొత్త డిజిటల్ ఆరోగ్య ప్రయోగాలన్నింటినీ ఆపమని ఆదేశించింది. దాతల సంస్థలు ఒక్కో జిల్లాలో ఒక్కో ఎస్సెమ్మెస్ పథకం మొదలుపెట్టడం, నిధులు అయిపోగానే వెళ్లిపోవడం, ఒకదాని లెక్క ఇంకోదానితో కలవకపోవడం దీనికి కారణం. రెండు మండలాల్లో బ్రహ్మాండంగా నడిచిన యాప్ రాష్ట్రమంతా వేయగానే ఎందుకు కుంటుపడుతుందో ఉగాండా అనుభవం చూస్తే అర్థమవుతుంది. పైలట్‌లో, అంటే కొద్ది చోట్ల చేసే తొలి ప్రయోగంలో, ఫోన్ పాడైతే ప్రాజెక్టు మనిషి బండి మీద వచ్చి ఇంకోటి ఇచ్చి వెళ్తాడు. అర్థం కాకపోతే తయారుచేసిన ఇంజనీరే ఫోన్లో దొరుకుతాడు. ఎంచుకున్న సబ్‌సెంటర్లు కూడా రోడ్డు, సిగ్నల్ ఉన్నవే అయి ఉంటాయి. యాప్ బాగుందని మనం అనుకున్న చోట నిజానికి బాగున్నది ఆ మనిషి సాయం. పదివేల మందికి ఆ సాయం అందదు.

దక్షిణాఫ్రికాలో 2014 ఆగస్టులో మొదలై, గర్భిణులకు ఫోన్‌లో ఆరోగ్య సందేశాలు పంపే మామ్‌కనెక్ట్ దీనికి భిన్నంగా నడిచింది. మొదటి నుంచీ అది జాతీయ ఆరోగ్య శాఖ సొంత పథకం. గర్భం నిర్ధారణ అయ్యాక క్లినిక్‌లోనే యూఎస్‌ఎస్‌డీ (మామూలు ఫోన్‌లోనూ *, # తో నొక్కే కోడ్) ద్వారా నమోదు చేస్తారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, ఆ తల్లికి పైసా ఖర్చు లేదు. వాట్సాప్ తర్వాతెప్పుడో, 2017లో చేరింది. జనం చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెట్టడమే దాని బలం.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ కుప్పం. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక, 1990ల మధ్యలో, ఓస్లో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో పుట్టిన డీహెచ్ఐఎస్ అనే ఆరోగ్య సమాచార వ్యవస్థను భారతదేశంలో తొలిసారి పరీక్షించింది 2000 ప్రాంతంలో చిత్తూరు జిల్లా కుప్పంలోనే. దాని వెబ్ రూపం డీహెచ్ఐఎస్2ను 2006లో కేరళలో మొదట వాడారు. ఇప్పుడది 80కి పైగా దేశాల్లో ఉంది. అన్ని దేశాలకు అది పాకడానికి ముఖ్య కారణం, ఫారంలో ఒక గడి మార్చాలంటే ప్రోగ్రామర్ అక్కర్లేకపోవడం. జిల్లా కార్యాలయంలోని గణాంకాల ఉద్యోగి శిక్షణ తీసుకుని తానే మార్చుకోగలడు.

అయితే ఆ వ్యవస్థ మొదట లెక్కపెట్టింది మొత్తాలను: ఈ నెల ఈ సబ్‌సెంటర్‌లో ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అని. మనుషుల్ని పేరుపేరునా గుర్తుపెట్టుకోవడం వేరే పని. మన దేశంలో 2009లో వచ్చిన ఎంసీటీఎస్, తర్వాతి ఆర్‌సీహెచ్ పోర్టల్, ఆంధ్రప్రదేశ్ తొలి రాష్ట్రాల్లో ఒకటిగా 2016లో చేపట్టిన అన్మోల్ ట్యాబ్ యాప్, అన్నీ ఈ రెండో పని కోసం వచ్చినవే. మొత్తాల్లో ఒకటి అటూఇటూ అయితే పెద్ద నష్టం లేదు. పేరు తప్పితే ఒక మనిషి జాబితాలోంచి జారిపోతుంది.

పుట్టింటి కాన్పు అనే చిక్కు

తెలుగునాట తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళ్తారు. గర్భం నమోదైంది అత్తగారి ఊళ్లో. హిమోగ్లోబిన్ 7 గ్రాముల దగ్గర ఉందనీ, బీపీ 140/90 దాటిందనీ రాసి ఉన్నది అక్కడి ఏఎన్‌ఎం ట్యాబ్‌లో. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎంకు ఈ అమ్మాయి కొత్త ముఖం. యాప్‌లో వెతుకుతుంది, దొరకదు, కొత్త రికార్డు తెరుస్తుంది. అక్కడితో ఒక మనిషి ఇద్దరైంది. అత్తవారి ఊళ్లో ఆమె పేరు డ్యూ లిస్టులో (సేవ అందాల్సినవారి జాబితాలో) ‘కాన్పు వివరం రాలేదు’ అని నెలల తరబడి వేలాడుతుంది. పుట్టిన బిడ్డ టీకాలు ఒక ఊళ్లో మొదలై మూడో నెలకు ఇంకో ఊరికి మారతాయి, బిడ్డకూ రెండు రికార్డులు పడతాయి. జిల్లా లెక్కలో గర్భిణులు పెరిగిపోతారు, కాన్పులు తక్కువ చూపిస్తాయి. పైవాళ్లు ‘మిగతా కాన్పులు ఏమయ్యాయి?’ అని అడుగుతారు. సమాధానంగా ఏదో ఒకటి నింపడం మొదలవుతుంది. ప్రమాదమున్న గర్భిణి పరీక్షల వివరాలు ఆమె వెంట రాకపోవడం వీటన్నిటికంటే పెద్ద నష్టం.

వెతికితే ఎందుకు దొరకలేదు? పుట్టింట్లో ఆమె ‘పి. లక్ష్మి’, అత్తింట్లో ‘కె. లక్ష్మి’. ఇంటిపేరు మారింది. ఒక చోట ఇంగ్లీషులో ఎక్కించారు, ఇంకో చోట తెలుగులో. ‘లక్ష్మి’, ‘లక్ష్మీ’ యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు. ‘శైలజ’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా నిల్వ చేయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దానికింది భాగం కలిపి రెండు గుర్తులుగా. తెరమీద తేడా కనపడదు, వెతుకులాటలో మాత్రం కలవదు. భద్రపరిచే ముందే అక్షరాలన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే చిన్న కోడ్ రాస్తే ఇది పోతుంది. కంటికి కనపడని విడదీత గుర్తులనూ అక్కడే తీసేయాలి. మొదట్లో చేస్తే ఒక పూట పని, పది లక్షల రికార్డులు చేరాక నెలల పని.

ఫోన్ నంబరుతో పట్టుకుందామంటే చాలా ఇళ్లలో ఆ నంబరు భర్తదో మామగారిదో. తోడికోడళ్లిద్దరికీ ఒకే నంబరు ఉంటుంది. నంబరు అడిగితే ఇవ్వడం ఇష్టంలేని చోట ఆశ కార్యకర్త తన నంబరే వేసేస్తుంది, ఎందుకంటే ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలదు. తప్పనిసరి గడులు పెంచిన కొద్దీ తప్పుడు సమాధానాలు పెరుగుతాయి. ‘నంబరు లేదు’ అని ఎంచుకునే వీలు ఇవ్వడమే మేలు.

పనికొచ్చే పద్ధతి కొంత ఓపికతో కూడినది. ముందు జిల్లా, పుట్టిన ఏడాదికి రెండేళ్లు అటూఇటూ అన్న రెండు వడపోతలతో పోలికల జాబితాను చిన్నది చేయాలి. మిగిలినవాటిలో పేరు ధ్వని, భర్త పేరు, చివరి నెలసరి తేదీ, ఎన్నో కాన్పు, ఫోన్ నంబరు ఒక్కొక్కదానికి మార్కులు వేసి కూడాలి. ఎక్కువ మార్కులు వచ్చినవాటిని ‘ఈమేనా?’ అని ఏఎన్‌ఎం ముందు పెట్టాలి. యంత్రం తనంతట తాను కలపకూడదు. ఇక్కడ రెండు తప్పులూ సమానం కావు. ఒకే మనిషికి రెండు రికార్డులుంటే పని పెరుగుతుంది, తర్వాత కలుపుకోవచ్చు. ఇద్దరు మనుషుల్ని ఒకటి చేస్తే ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరికి అంటుకుంటుంది. అందుకే కలిపినవాటిని మళ్లీ విడదీసే వీలు తప్పకుండా ఉంచాలి.

నెలసరి తేదీ విషయంలో ఒక మాట. చాలామంది చెప్పేది తేదీ కాదు, ‘సంక్రాంతి అయిన వారానికి’, ‘ఉగాదికి ముందు అమావాస్యకి’ అని. యాప్‌లో క్యాలెండరు తెరిస్తే పండుగలు, అమావాస్య, పౌర్ణమి కనపడాలి. లేకపోతే 1వ తేదీ, 15వ తేదీ కుప్పలుగా పడతాయి, దాని మీద 280 రోజులు కూడి చెప్పే కాన్పు తేదీ కూడా అంతే నమ్మకంగా ఉంటుంది.

ఆర్‌సీహెచ్ నంబరు, 2021 నుంచి వచ్చిన 14 అంకెల ఆభా నంబరు (డిజిటల్ ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ఈ చిక్కును చాలావరకు తీర్చాలి. తీరుస్తాయి కూడా, కార్డు చేతిలో ఉంటే. సిగ్నల్ లేని చోట కూడా పనిచేయాలంటే ఎంసీపీ కార్డు మీద క్యూఆర్ కోడ్ అతికించి, నంబరుతోపాటు రక్తం గ్రూపు, చివరి హిమోగ్లోబిన్, బీపీ, ప్రమాద సూచన అందులోనే పెట్టవచ్చు. కొలతలు మారినప్పుడల్లా కొత్త చీటీ అతికించాలి. క్యూఆర్‌లో గరిష్ఠంగా 2,953 బైట్లు పడతాయి గానీ అంత దట్టంగా ముద్రిస్తే చౌక ఫోన్ కెమెరా చదవలేదు. రెండు మూడు వందల బైట్లలో సరిపెట్టడం మంచిది. కార్డు పోగొట్టుకుంటే ఎవరి చేతికైనా చిక్కుతుంది కాబట్టి హెచ్ఐవీ లాంటి వివరం అందులో ఎన్నడూ ఉండకూడదు.

ఇంకో మార్పు కూడా కావాలి. రికార్డులో ‘నివాసం’, ‘ప్రస్తుతం ఉన్న చోటు’ రెండు వేర్వేరు గడులుగా ఉండాలి. ఆరో నెల పరీక్షలోనే ‘కాన్పు ఎక్కడ?’ అని అడిగి పుట్టింటి సబ్‌సెంటర్‌ను ఎంచుకుంటే, ఆ రికార్డు రెండు ట్యాబుల్లోనూ కనిపించాలి. అత్తింటి జాబితాలోంచి తీసేయకూడదు, అక్కడి ఏఎన్‌ఎం లెక్క తగ్గిపోతే ఆమె బదిలీ నొక్కదు.

నెట్ లేనప్పుడు

ఏజెన్సీ గూడేల్లో రోజంతా సిగ్నల్ ఉండదు. కాబట్టి యాప్ నెట్ లేకుండానే పూర్తిగా పనిచేసి, దొరికినప్పుడు పంపాలి. ఇది అందరూ ఒప్పుకునే మాటే. తప్పులు దొర్లేది వివరాల్లో. రికార్డు నంబరును సర్వర్ ఇస్తుందని ఎదురుచూస్తే పని ఆగుతుంది. ఫోనే ఎప్పటికీ పునరావృతం కాని పొడవైన గుర్తింపును తయారుచేసుకోవాలి, ఆర్‌సీహెచ్ నంబరు తర్వాత వచ్చి చేరుతుంది. అప్పుడు ఒకే ఫారం మూడుసార్లు పంపినా సర్వర్ ఒకటిగానే గుర్తిస్తుంది. ఇది లేకపోతే ‘పంపు’ నొక్కి, ఏమీ జరగలేదనుకుని మళ్లీ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త గర్భిణి పుడుతుంది.

ఇద్దరు ఏఎన్‌ఎంలు ఒకే రికార్డును నెట్ లేకుండా మార్చినప్పుడు చివరగా చేరినదాన్ని ఉంచి మొదటిదాన్ని చెరిపేయడం చాలా యాప్‌లలో జరిగే తప్పు. ప్రతి పరీక్షనూ విడి సంఘటనగా చేర్చుకుంటూ పోతే ఈ గొడవే రాదు. చిరునామా, ఫోన్ నంబరు లాంటివే దిద్దుబాట్లుగా మిగులుతాయి. ఎవరిది ముందో తేల్చడానికి ఫోన్ గడియారాన్ని మాత్రం నమ్మకూడదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ఫోన్ కొన్నిసార్లు పాత ఏడాదిని చూపిస్తుంది. అలాంటి తేదీతో పడిన టీకా, బిడ్డ పుట్టకముందే వేసినట్టు కనిపిస్తుంది.

బరువు సంగతి: 60 ప్రశ్నల ఫారం 5 కిలోబైట్లు ఉంటుందనుకుంటే రోజుకు 20 ఫారాలు 100 కిలోబైట్లు. నీరసమైన సిగ్నల్‌లోనూ వెళ్లిపోతాయి. దానికి 2 మెగాబైట్ల ఫొటో ఒకటి జతచేస్తే అదొక్కటే 400 ఫారాలంత. హాజరు కోసం ఫొటో, కార్డు ఫొటో, ఇంటి ఫొటో అని చేరుస్తూ పోయిన యాప్‌లు ‘సింక్ కావడం లేదు’ అన్న ఫిర్యాదులో మునగడానికి కారణం ఇదే. ఫొటో తప్పదంటే 50 కిలోబైట్లకు కుదించి, ఫారాలన్నీ వెళ్లాకే పంపాలి. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని ఫోన్లు తెరవెనుక నడిచే పంపిణీని ఆపేస్తాయి. అందుకే ‘ఇంకా 14 ఫారాలు వెళ్లలేదు’ అని మొదటి తెర మీదే పెద్ద అంకెల్లో చూపాలి.

ఊళ్లు కదలవు, జిల్లాలు కదులుతాయి

2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊరి కోడ్‌లోనే జిల్లా అంకెలను ఇమిడ్చిన వ్యవస్థలన్నింటికీ ఇది పెద్ద దెబ్బ. కోడ్ మార్చితే పాత రికార్డులు అనాథలవుతాయి, మార్చకపోతే కొత్త కలెక్టరుకు తన జిల్లా కనపడదు. ఊరికి అర్థంలేని ఒక స్థిరమైన నంబరు ఇచ్చి, ‘ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ మండలం, ఏ జిల్లా కింద’ అన్నది విడి పట్టికలో ఉంచితే సరిపోతుంది. అప్పుడు 2015 నాటి లెక్కను నేటి జిల్లాల వారీగానూ, నాటి జిల్లాల వారీగానూ తీయవచ్చు.

తెలుగులో చెప్పడానికయ్యే ఖర్చు

ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు. తెలుగులో 70. అంతకు మించితే ముక్కకు 67 చొప్పున విరిగి, ముక్కముక్కకూ బిల్లు పడుతుంది. పైగా 70 అంటే మనం చదివే అక్షరాలు కావు. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు, యంత్రానికి ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ‘రేపు టీకా ఉంది, బిడ్డను తీసుకురండి’ అన్న మాటకు ఊరి పేరు, బిడ్డ పేరు, తేదీ చేర్చగానే రెండు మూడు ముక్కలవుతుంది. ప్రతి సందేశం నమూనానూ టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందే ఆమోదింపజేసుకోవాలి. ఆమోదించిన నమూనాకూ పంపినదానికీ ఒక్క చుక్క తేడా ఉన్నా సందేశం వెళ్లదు. అది కూడా పంపినవాళ్లకు వెంటనే తెలియదు.

అందుకే చదువు, ఫోన్ రెండూ అంతంతమాత్రంగా ఉన్న చోట గొంతు మేలు. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 రికార్డు చేసిన కాల్స్ ఇచ్చే కిల్‌కారీ 2013లో బీహార్‌లో ఆ లెక్కతోనే మొదలైంది. దానికి కూడా ఆధారం రిజిస్టరులో ఎక్కిన ఫోన్ నంబరే. నంబరు తప్పైతే గర్భం గురించిన కబురు ఇంకెవరి ఇంట్లోనో మోగుతుంది. గర్భం పోయిన తల్లికి వారం వారం బిడ్డ ఎదుగుదల వినిపిస్తే ఎంత బాధో చెప్పక్కర్లేదు. గర్భస్రావం నమోదు కాగానే కాల్స్ ఆగేలా చూడటం తర్వాతి విడతలో చేర్చే హంగు కాదు, మొదటి రోజే ఉండాల్సిన పని.

అంకెలు అందంగా ఉంటే అనుమానించాలి

బీపీ అందరికీ 120/80, హిమోగ్లోబిన్ అందరికీ 10 లేదా 10.5. ఇది సోమరితనం అని తేల్చేస్తే అసలు కారణం దొరకదు. బీపీ మిషను బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు, హిమోగ్లోబిన్ స్ట్రిప్పులు నిండుకుని ఉండవచ్చు. యాప్ మాత్రం అంకె అడుగుతుంది. ‘కొలవలేదు’ అన్న ఎంపిక, దాని పక్కనే ‘ఎందుకు: మిషను పాడు, స్ట్రిప్పులు లేవు, ఆమె ఒప్పుకోలేదు’ అని మూడు గడులు పెడితే చాలు. అప్పుడు జిల్లా స్టోరుకు ఏ సబ్‌సెంటర్‌లో ఏమి అయిపోయిందో తెలుస్తుంది. కానీ ‘కొలవలేదు’ అని నిజం చెప్పిన ఏఎన్‌ఎంకు సమీక్షలో అక్షింతలు పడితే మరుసటి నెల మళ్లీ 120/80లే వస్తాయి.

మూడో ఏడు

మొదటి ఏడు నిధులుంటాయి, రెండో ఏడు ఉత్సాహం ఉంటుంది. మూడో ఏట ట్యాబుల బ్యాటరీలు ఉబ్బుతాయి, పాత ఆండ్రాయిడ్‌కు కొత్త యాప్ ఎక్కదు, సిమ్ రీచార్జి బిల్లు ఎవరిదన్న ఫైలు రెండు విభాగాల మధ్య తిరుగుతుంది. పదివేల పరికరాల్లో ఏడాదికి పదింట ఒకటి పాడవుతుందనుకుంటే వెయ్యి కొత్తవి కావాలి, అవి వచ్చేవరకు జిల్లాకు కొన్ని చేతి నిల్వ ఉండాలి. బదిలీలతో కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కాబట్టి శిక్షణ ఒకసారి చేసి వదిలేసేది కాదు. తెలుగులో మాట్లాడే సహాయ కేంద్రం ఒకటి, ప్రతి పీహెచ్‌సీకి యాప్ బాగా తెలిసిన ఏఎన్‌ఎం ఒకరు ఉంటే చాలా సమస్యలు అక్కడే తీరతాయి. బడ్జెట్ రాసేటప్పుడు యాప్ తయారీ కంటే ఈ పద్దుకే ఎక్కువ రాయాలి.

రిజిస్టరును తీసేయడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరగాలి. మూడు నెలలు రెండూ నడపాలి. ప్రతి నెలా ముఖ్యమైన నాలుగు అంశాలను, అంటే కొత్తగా నమోదైన గర్భిణులు, నాలుగు పరీక్షలు పూర్తయినవారు, కాన్పులు, మూడో డోసు పెంటావాలెంట్ (ఐదు వ్యాధులకు కలిపి వేసే టీకా) పడిన పిల్లలను, రిజిస్టరులో చేత్తో లెక్కపెట్టి యాప్ చూపిన సంఖ్యతో భాగించాలి. ఫలితం 0.90 నుంచి 1.10 మధ్య వరుసగా మూడు నెలలు ఉంటే ఆ సబ్‌సెంటర్ సిద్ధం. రాకపోతే తేడా ఎక్కడుందో చూడాలి. ఎక్కువసార్లు అది పుట్టింటి కాన్పుల దగ్గరే దొరుకుతుంది. సిద్ధమైన సబ్‌సెంటర్లకు జిల్లా వైద్యాధికారి సంతకంతో ఉత్తర్వు వెళ్లాలి: ఏ తేదీ నుంచి ఏ రిజిస్టరు రాయనక్కర్లేదు, సూపర్‌వైజర్ తనిఖీ ట్యాబ్‌లో ఎలా చేయాలి, చెల్లింపులకు యాప్‌లోంచి తీసిన ఏ కాగితం చెల్లుతుంది అని. ట్యాబ్ మొరాయించిన రోజు కోసం అచ్చువేసిన డ్యూ లిస్టు ఒకటి, ఖాళీ ఫారాలు పది సంచీలో ఉంచాలి. వాటిలో రాసినది 48 గంటల్లో యాప్‌లోకి ఎక్కాలి. ఎక్కించాక ఆ ఫారాలను పీహెచ్‌సీలో ఇచ్చేయాలి, సంచీలో పోగుపడనివ్వకూడదు.